ఇంటిపని పుట్టుపూర్వోత్తరాలు

పోయిన శుక్రవారం సాయంత్రం మా మనవరాలు బడి నుండి వస్తూనే సంచిలోంచి ఒక కాగితం తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. ఏడవ తరగతి చదువుతున్నది. ఆ కాగితం వారాంతపు ఇంటిపని పట్టిక. తెలుగులో ఒక పద్యానికి ప్రతిపదార్థం, అయిదు సొంతవాక్యాలు. గణితంలో భిన్నాల మీద పది లెక్కలు. ఆంగ్లంలో ఒక లేఖ. హిందీలో రెండు పుటల చూచివ్రాత. సామాన్యశాస్త్రంలో పటం గీసి భాగాలు గుర్తించడం. సాంఘికశాస్త్రంలో కాకతీయుల తోరణం నమూనా తయారుచేయడం. అడుగున తల్లి లేక తండ్రి సంతకం కోసం ఒక గీత. ఇదంతా వచ్చే శుక్రవారానికి పూర్తి కావాలట.

"తాతయ్యా, అసలు హోంవర్కు కనిపెట్టింది ఎవరు?" అని అడిగింది. ఆ అడగడంలో జిజ్ఞాస కన్నా కసి ఎక్కువగా ఉన్నది. నేను నోరు విప్పే లోపల తానే తండ్రి చరవాణిలో వెదికి సమాధానం కూడా చెప్పేసింది. ఇటలీలో వెనిస్ నగరపు ఉపాధ్యాయుడట, పేరు రాబర్టో నెవిలిస్ అట, 1905లో చదవని పిల్లలకు శిక్షగా దీనిని కనిపెట్టాడట.

పదవీ విరమణ చేసినా పంతులు పంతులే కదా. నాకు నమ్మబుద్ధి కాలేదు. నేనూ నాలుగు చోట్ల చూశాను. ఒకచోట 1905 అన్నారు, మరొకచోట అదే మనిషిని 1095కు పంపించారు. అంకెలు అటూ ఇటూ అయినంత మాత్రాన మనిషి ఎనిమిది వందల ఏండ్లు వెనక్కి వెళ్ళిపోయాడన్నమాట! అబద్ధమైనా అతికినట్లుండాలంటారు పెద్దలు. ఇది అతకలేదు. ఎందుకంటే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1901లోనే పదిహేనేండ్ల లోపు పిల్లలకు ఇంటిపని ఇవ్వరాదని చట్టం చేసింది. 1917లో రద్దయ్యే దాకా అది అమలులో ఉన్నది. అంతకు ఒక ఏడాది ముందే, 1900లో, ఎడ్వర్డ్ బాక్ అనే పత్రికా సంపాదకుడు అక్కడి మహిళల పత్రికలో ఇంటిపని పిల్లల ఆరోగ్యాన్ని హరిస్తున్నదని పెద్ద ఎత్తున ధ్వజమెత్తాడు. 1905లో పుట్టిన దానిని 1901లో నిషేధించడం ఎట్లాగో ఆ నెవిలిస్ గారే చెప్పాలి. ఆయన అనే మనిషి లేడు. ఎవరో సరదాకు పుట్టించినదానిని పదిమంది నకలు చేసుకున్నారు. చూచివ్రాత అన్నమాట.

"అయితే మరి ఎవరు?" అన్నది పిల్ల. అన్నం తింటూ నేను చెప్పిన సమాధానం దానికి చాలింది గాని నాకు చాలలేదు. అందుకే ఈ టపా.

*

భాషాప్రవీణ ముగించి పండిత శిక్షణకు వెళ్ళిన రోజులలో పాఠ్యపథకాలు వ్రాయడంతోనే మాకు సగం ఆయుర్దాయం హరించుకుపోయేది. పుటకు గళ్ళు గీసి, ఉన్ముఖీకరణం, ప్రదర్శనం, పునశ్చరణం అని వరుసగా నింపుకుంటూ వస్తే చిట్టచివరి గడి "గృహకృత్యము". జర్మనీ దేశపు తత్త్వవేత్త హెర్బార్టు (1776–1841) బోధనను, ఆయన అనంతరం శిష్యులు అయిదు సోపానాలుగా స్థిరపరచిన పద్ధతి తిరిగి తిరిగి మా దాకా వచ్చిన రూపమది. మాతోపాటు చదివే మిత్రుడొకడు ఆ గడి దగ్గరకు రాగానే "గృహకృత్యమంటే మా ఇంటావిడ చేసేది కదండీ, నన్ను వ్రాయమంటారేమిటి?" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆ హాస్యంలో ఎంత సత్యమున్నదో తెలియడానికి నాకు మరి కొన్నేండ్లు పట్టింది. ఆ సంగతి తరువాత.

తెలుగులో "ఇంటిపని" అంటే అనాదిగా కసవు ఊడ్వడం, నీళ్ళు తోడడం, పొయ్యి రాజేయడం. బడి సంబంధమైన అర్థం దానికి ఆంగ్లం నుండి అనువాదంగా వచ్చి అంటుకున్నదే. మాట కొత్తదైతే వస్తువు కూడా కొత్తదేనా? మన వీధిబళ్ళలో ఇంటిపని ఉండేదా?

మా తాతగారు ఊరి రామాలయం అరుగు మీది వీధిబడిలో చదువుకున్నారు. ఆయన చెప్పిన ముచ్చట్లలో మాకు మిక్కిలి ఇష్టమైనది శ్రీ–చుక్క. తెల్లవారుజామున అందరికన్నా ముందు బడికి వచ్చిన పిల్లవాని అరచేతిలో పంతులుగారు "శ్రీ" వ్రాసేవారట. రెండవవానికి చుక్క. మూడవవాని నుండి బెత్తంతో ఒకటి, రెండు, మూడు, ఇట్లా వచ్చిన వరుసనుబట్టి దెబ్బలు. చలికాలంలో చీకటితోనే దుప్పటి కప్పుకొని పరుగెత్తేవారట, శ్రీ కోసం కాదు, దెబ్బల వరుసలో చివర నిలబడకుండా ఉండడం కోసం.

ఇది మా తాతగారి అతిశయోక్తి అనుకునేవాణ్ణి. చాలా కాలానికి, ధరంపాల్ గారు 1983లో ప్రకటించిన గ్రంథంలో మద్రాసు రాజధాని కలెక్టర్ల నివేదికలు చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. 1822 జూన్ 25న గవర్నరు థామస్ మన్రో తన రాజధానిలోని బళ్ళ వివరాలు పంపమని కలెక్టర్లందరినీ ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదికలో మా తాతగారి కథంతా ఉన్నది. మొదట వచ్చినవాని చేతిలో సరస్వతి పేరు, రెండవవానికి సున్న, మూడవవాడి నుండి దెబ్బలు. ఈ కాంబెల్ మనకు పరాయివాడు కాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించినవాడు ఇతడే. తెలుగు సంస్కృతజన్యం కాదని, దక్షిణాది భాషలన్నీ ఒక కుటుంబమని ఎల్లిస్ వ్రాసిన ప్రసిద్ధమైన పీఠిక ఆ వ్యాకరణంలోనిదే. అందుచేత అతడు బడి గడప దగ్గర నిలబడి లెక్క మాత్రమే రాసుకొని పోలేదు, లోపల పిల్లలు ఏమి వల్లిస్తున్నారో కూడా విన్నాడు.

ఆనాటి బడి దినచర్య చూస్తే ఇంటిపని ఎందుకు లేదో తెలుస్తుంది. ఉదయం ఆరింటికి బడి. తొమ్మిదింటికి చద్దన్నానికి ఇంటికి. పదకొండింటికి మళ్ళీ బడి. రెండు మూడింటికి భోజనానికి విడిచి, నాలుగింటికి మళ్ళీ మొదలుపెట్టి, చీకటి పడే దాకా. ఉదయమూ సాయంత్రమూ చదువు, మధ్యాహ్నం వ్రాత. అమావాస్య పున్నములకు, పండుగలకు సెలవు. బడికీ ఇంటికీ మధ్య గీత ఎక్కడున్నది? పిల్లవాడు రోజుకు మూడు మార్లు బడికి వెళ్ళి మూడు మార్లు ఇంటికి వస్తున్నాడు. ఇక ఇంటికి విడిగా పని పంపే అవసరమే లేదు.

మరొక కారణం ఉన్నది. ఇసుకలో వ్రాసినది చేత్తో చెరిపేస్తే పోతుంది. పలక మీది వ్రాత తడిగుడ్డతో పోతుంది. తాటాకు, గంటం చేతికి వచ్చేది అక్షరం కుదిరిన తరువాత. కాగితం ఖరీదైన వస్తువు. అందుచేత ఇంటి దగ్గర చదివినదానికి వ్రాతమూలకమైన సాక్ష్యం ఏదీ ఉండదు. ఉన్న సాక్ష్యమల్లా నోరే. రాత్రి వల్లించినది ప్రొద్దున్నే పంతులుగారికి అప్పజెప్పాలి. ఎంత చక్కని మాట! ఇతరుల సొమ్ము వారికి తిరిగి ఇవ్వడాన్ని అప్పజెప్పడం అంటాము, పాఠం వినిపించడాన్నీ అప్పజెప్పడమే అంటాము. అప్పజెప్పడానికి ఎదుట పుచ్చుకొనేవాడొకడు ఉండాలి. ఎక్కాలు గాని, వేమన సుమతి శతకాలు గాని, అమరం గాని, తప్పుపోయిన చోట ఆ క్షణంలోనే పంతులుగారి చెవికి దొరికిపోయేవి.

వీధిబడిని నేను ఆకాశానికెత్తడం లేదు. అప్పజెప్పిన పద్యాలకు అర్థం ఆ పిల్లలకు తెలియదని, చిలుకకూ వారికీ భేదం లేదని కాంబెలే బాధపడ్డాడు. శిక్షలు క్రూరంగా ఉండేవి. పైగా, తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేలకు పైబడిన జనాభా గల ఆ జిల్లాలో అతడు లెక్కించినవి 533 బళ్ళు, 6,641 మంది పిల్లలు. వెయ్యిమందిలో ఏడుగురికి కాస్త ఎక్కువ, అంతే. 1826లో మన్రో రాజధాని మొత్తానికి తేల్చిన లెక్క 12,498 బళ్ళు, 1,88,650 మంది విద్యార్థులు. ఆడపిల్లలు బహు స్వల్పం. మా తాతగారు అరుగు మీద శ్రీ పెట్టించుకుంటున్నప్పుడు ఆయన అక్కగారు ఇంట్లో దూడకు గడ్డి వేస్తున్నారు. ఆమె వేలిముద్ర వేయగా నేను చూశాను.

*

ఇంటికి వ్రాతపని రావడానికి గడియారమూ, కాగితమూ, తనిఖీ అధికారీ కలిసిరావలసి వచ్చింది.

1854లో వుడ్ తాఖీదు వచ్చింది. 1855లో మద్రాసులో విద్యాశాఖ ఏర్పడి, ఆర్బత్‌నాట్ మొదటి డైరెక్టరు అయినాడు. ఆయన కింద ఇన్‌స్పెక్టర్లు. ప్రైవేటు బళ్ళకు ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది, ఇచ్చే ముందు ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో పిల్లల పరీక్షా ఫలితాలనుబట్టి గ్రాంటు కొలిచే పద్ధతి కూడా నడిచింది. ఫలానా తరగతిలో ఇంతమంది చదవడంలో, వ్రాయడంలో, లెక్కలలో నెగ్గితే ఇన్ని రూపాయలు. పంతులుగారి కడుపు పిల్లవాని చేతివ్రాతకు ముడిపడ్డది. ఏడాదికొకమారు వచ్చే అధికారికి నోటిచదువు అప్పజెప్పడానికి ఎన్ని గంటలు చాలుతాయి? కాగితం మీదిది అయితే తిరగేసి చూడవచ్చు. అప్పటికి మిల్లు కాగితం చవకై పుస్తకాలు కుట్టుకోవడం సామాన్యుని అందుబాటులోకి వచ్చింది. బడి వేళలు రోజంతా విస్తరించి ఉండేవి కాస్తా కచేరీ వేళలతో సమానంగా కుదించుకుపోయాయి. బడి వదిలిన కాలమంతా ఇంటి పాలయింది. ఆ ఖాళీలోకి వ్రాతపుస్తకం ప్రవేశించింది. దీనికి నెవిలిస్ అక్కరలేదు.

ఇక్కడ తెలుగు పండితుణ్ణి కనుక ఒక మాట చెప్పకుండా ఉండలేను. "దిద్దు" అనే ధాతువును చూడండి. అక్షరాభ్యాసం నాడు పంతులు పలక మీద అక్షరం వ్రాస్తే పిల్లవాడు దాని మీద దిద్దుతాడు. పెద్దయిన తరువాత పిల్లవాడు వ్రాస్తే పంతులు దిద్దుతాడు. రెండింటికీ ఒకటే క్రియ. ఒకరి వ్రాత మీద ఇంకొకరి చేయి నడవడం. ఓనమాలలో నా చేతి మీద నీ చేయి, ఆపైన నీ చేతి మీద నా చేయి. గురజాడవారు 1910లో తమ కథకు "దిద్దుబాటు" అని పేరు పెట్టినప్పుడు ఆ మాట బడి గోడలు దాటి సంసారంలోకి వెళ్ళింది, అది వేరే ముచ్చట. ఇంటిపనికి సంబంధించినంత వరకు నేను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. వ్రాయించింది సరే, దిద్దేదెవరు?

*

నేను చేరిన మొదటి ప్రాథమికోన్నత పాఠశాల నాగార్జునసాగర్ కుడికాలువ కింద ఒక గ్రామంలో ఉండేది. 1980ల నాటి మాట. ఆరు, ఏడు తరగతులకు కలిపి తొంభైమందికి పైగా పిల్లలు. తెలుగు నాదే. సాంఘికం బోధించేవారు లేక అదీ కొంతకాలం నాదే అయింది. రోజూ ఇంటిపని ఇచ్చి రోజూ తొంభై పుస్తకాలు దిద్దడం మానవమాత్రుని వల్ల అయ్యే పని కాదు. అందుకని ప్రధానోపాధ్యాయులు వారానికొకసారి చాలన్నారు. శనివారం చివరి గంటలో అన్ని విషయాల ఉపాధ్యాయులం వరుసగా తరగతికి వెళ్ళి, నల్లబల్ల మీద ఎవరి వాటా వాళ్ళం వ్రాసివచ్చేవాళ్ళం. సోమవారం పొద్దున ప్రార్థన కాగానే పుస్తకాల గుట్టలు మా బల్లల మీదకు చేరేవి. తెలుగుకు పద్యం, టీక తాత్పర్యాలు, సొంతవాక్యాలు, చూచివ్రాత. ఆంగ్లానికి నాలుగు గీతల పుస్తకంలో ఒక పుట. గణితానికి అభ్యాసంలో సరిసంఖ్య లెక్కలు, బేసి సంఖ్యవి తరగతిలో చేసేవారు కనుక. సాంఘికానికి పటంలో నదులు, నగరాలు గుర్తించడం. విజ్ఞానశాస్త్రం మాస్టారు మాత్రం వ్రాయించేవారు కాదు. ఆకులు తెమ్మనేవారు, ఈనెలు ఎట్లా ఉన్నాయో చూసి రమ్మనేవారు. ఆయన బల్ల మీద సోమవారం పూట రాగి, వేప, కానుగ, జొన్న ఆకులన్నీ కలిసి ఒక వాసన వచ్చేది. తనిఖీకి వచ్చిన అధికారికి ఆ ఆకులు కనబడేవి కావు, దిద్దిన పుస్తకాలు ఎన్నో అడిగేవారు.

తొంభై పుస్తకాలు ఎట్లా దిద్దుతామో ఉద్యోగం చేసినవారికి తెలుసు. మొదటి ఇరవై అక్షరమక్షరం చూస్తాము. తరువాతివి వాక్యం వాక్యం. చివరివాటికి ఎర్రసిరాతో మూలగా ఒక గీత, తేదీ, పొట్టిసంతకం. నాకు సొంతవాక్యాలు చదవడం ఇష్టం కనుక వాటిని మాత్రం వదిలేవాణ్ణి కాను. చాలావరకు ఒకరి వాక్యమే తరగతి అంతా తిరిగివచ్చేది.

ఒక ఏడాది, దీపావళి సెలవుల తరువాత, ఏడవ తరగతిలో ఒక పిల్లవాని పుస్తకం మారిపోయింది. అంతకుముందు కోడి కెలికినట్లుండే వ్రాత. ఇప్పుడు గుండ్రటి అక్షరాలు, పొందికైన తలకట్లు. సొంతవాక్యాలైతే నిజంగా సొంతమే. "చేయి" అన్న మాటకు, మిరపకాయలు కోసిన చేయి కంటికి తగలరాదని ఒక వాక్యం. "వెలుగు" అన్న మాటకు, పొయ్యి వెలుగులో పుస్తకం పసుపుపచ్చగా కనబడుతుందని ఒక వాక్యం. నేను పక్కన "బాగు" అని వ్రాశాను. ఒక వారం ల, ళ తేడా తప్పులు నాలుగు పట్టి ఎర్రసిరాతో సున్నాలు చుట్టాను. మరుసటి వారం నుండి ఆ తప్పు మళ్ళీ రాలేదు. విభక్తుల పొరపాటు ఒకటి చూపించాను. అదీ రాలేదు. మూడు నెలలు ఇట్లా నడిచింది. ఆ పుస్తకం నా గుట్టలో ఎక్కడుందో వెదికి ముందు తీసేవాణ్ణి.

అప్పుడే నాకు తట్టవలసింది. తరగతిలో ఆ పిల్లవాడు ల, ళలు ఎప్పటిలాగే తప్పు పలుకుతున్నాడు. పుస్తకం నేర్చుకుంటున్నది గాని పిల్లవాడు నేర్చుకోవడం లేదు.

సంక్రాంతి దాటిన తరువాత ఒక రోజు వాణ్ణి నల్లబల్ల మీద రెండు వాక్యాలు వ్రాయమన్నాను. బండారం బయటపడ్డది. మూడు నెలలుగా నన్ను మోసం చేశాడన్న ఉక్రోషంలో రెండు దెబ్బలు వేశాను. "ఎవరిచేత వ్రాయిస్తున్నావురా?" అంటే "మా అక్కండీ" అన్నాడు. మీ నాయనను తీసుకురమ్మన్నాను.

తండ్రి మరునాడు పొలం మధ్యలోనుంచి వచ్చాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకొని బయటే నిలబడ్డాడు. నేను విషయం చెప్పాను. చెప్పడం ఎట్లా చెప్పానంటే, మీ పిల్లవాని భవిష్యత్తు పాడవుతుంది, మీ అమ్మాయిని అదుపులో పెట్టుకోండి అని. అతడు చేతులు జోడించి, "తప్పయిందండి పంతులుగారూ. అయిదు కాగానే దాన్ని బడి మానిపించానండి, మిరపకోతలకు పోతంది. రాత్రి పూట దీపం కాడ కూచుని తమ్ముడి పుస్తకంలో ఏందో గీస్తంటే ఆటలనుకున్నానండి. ఇక మీదట దాన్ని పుస్తకం ముట్టనీనండి," అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. తరువాతి సోమవారం ఆ పుస్తకంలో కోడి కెలుకుడు తిరిగివచ్చింది. మరి రెండు వారాలకు అసలు పుస్తకమే రాలేదు.

అయిదవ తరగతితో బడి వదిలిన ఒక ఆడపిల్ల, పగలంతా కూలి చేసి, సాయంత్రం ఇంటిపని చేసి, రాత్రి ఇంకొకరి ఇంటిపనిలో తన చదువు సాగించుకున్నది. ఆమెకు నేను పంతులునని నాకు తెలియదు, ఆమెకు తెలుసు. నేను చుట్టిన ఎర్ర సున్నాలన్నీ ఆమె చూసుకున్నది, దిద్దుకున్నది. నా ముప్ఫై ఏండ్ల పైచిలుకు ఉద్యోగంలో నా దిద్దుబాటును అంత శ్రద్ధగా పుచ్చుకున్న విద్యార్థి మరొకరు లేరు. ఆ విద్యార్థి ముఖం నేను చూడలేదు. ప్రైవేటుగా ఏడవ తరగతి పరీక్షకు కట్టించవచ్చునన్న ఆలోచన నాకు వచ్చేసరికి ఆమెకు పెళ్ళి అయిపోయిందని తెలిసింది. తమ్ముడు ఏడులో తప్పాడు. మరి రెండేండ్లకు నాకు బదిలీ అయింది.

*

తరువాతి కథ మీ అందరికీ తెలిసినదే కనుక గబగబా చెబుతాను. పాఠ్యపుస్తకం వెనుకనే గైడు వచ్చింది. సొంతవాక్యాలు కూడా గైడులో దొరకడం మొదలైన తరువాత నేను ఆ ప్రశ్న ఇవ్వడం మానేశాను. ప్రైవేటు బళ్ళలో డైరీ వచ్చింది, రోజూ తండ్రి సంతకం పెట్టాలి. అంటే తనిఖీ అధికారి ఇంట్లోనే తయారయ్యాడు. 1971లో సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాలలలో ఇల్లే లేదు కనుక ఇంటిపని లేదు, దాని స్థానంలో సాయంత్రపు చదువు గంట ఉన్నది, పక్కన ఒక ఉపాధ్యాయుడూ ఉన్నాడు. పని చెప్పినవాడే పక్కన కూర్చోవడం నాకు అన్నిటికన్నా న్యాయంగా తోస్తుంది. నా మిత్రులు కొందరు దీనిని ఒప్పుకోరు. గుంపులో కూర్చోబెట్టి చదివించడాన్ని కార్పొరేటు వసతి గృహాలు ఏ స్థితికి తెచ్చాయో చూడమంటారు. అదీ నిజమే.

1989లో ఆర్. కె. నారాయణ్ రాజ్యసభలో తన తొలి ప్రసంగమంతా బడిపిల్లల వీపు మీది సంచి గురించే చేశారు. 1992లో యశ్‌పాల్ అధ్యక్షతన సంఘం వేశారు. 1993లో వచ్చిన ఆ నివేదిక భారం సంచిలో లేదు, అర్థం కాకపోవడంలో ఉన్నది అని తేల్చింది. కాంబెల్ చెప్పిన చిలుక 170 ఏండ్ల తరువాత మళ్ళీ కనబడ్డదన్నమాట. 2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చి బెత్తం నిషిద్ధమైంది. ఆ చట్టం 1987 ప్రాంతంలోనే ఉంటే ఒక పిల్లవానికి రెండు దెబ్బలు తప్పేవి. పద్నాలుగేండ్ల లోపు పిల్ల బడిలో లేదేమని ఆ చట్టం నన్నే అడిగి ఉండేది. 2020లో కేంద్రం ప్రకటించిన బడిసంచి విధానం ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని వద్దన్నది. మూడు నుండి అయిదు వరకు వారానికి రెండు గంటలు, ఆరు నుండి ఎనిమిది వరకు రోజుకు ఒక గంట మించరాదన్నది. మా మనవరాలి పట్టికను దానితో సరిపోల్చి చూశాను. తోరణం లేకపోతే సరిపోతుంది.

ఆ ఏడే మహమ్మారి వచ్చి బళ్ళు మూసి, చదువంతా ఇంటిపనే అయి కూర్చున్నది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో మూడు నుండి పది తరగతులకు పాఠాలు చెప్పారు. పాఠం తరువాత పిల్లలు వ్రాసి ఫోటో తీసి మాస్టారి చరవాణికి పంపాలి. మా వీధి చివర ఇస్త్రీ బండి అతని ఇద్దరు పిల్లలకు ఒకటే చరవాణి, అదీ అతడు పని నుండి వచ్చిన తరువాతనే. రాత్రి తొమ్మిదింటికి మా అరుగు మీద వెలుతురులో కూర్చుని ఫోటోలు తీసుకునేవాళ్ళు. అక్షరాలు నేను దిద్దేవాణ్ణి. ఎర్రసిరా కలం ఇంట్లో లేక నీలంతోనే దిద్దాను. పెద్దది అమ్మాయి. ల, ళలు బాగానే వ్రాస్తుంది, శ, షల దగ్గర కొంచెం తడబాటు. ఒకటిన్నర ఏడాది వచ్చారు. ఇప్పుడు ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ చదువుతున్నది.

ఇంతకూ మా మనవరాలి సంగతి. పద్యం నాకు అప్పజెప్పింది. రెండు చోట్ల యతి దగ్గర తడబడ్డది. లెక్కలు తండ్రి చూశాడు. లేఖ తానే వ్రాసుకున్నది. తోరణం మాత్రం రాత్రి పదింటి దాకా తెమలలేదు. అట్ట మీద కొలతలు గీసింది పిల్ల, కత్తిరించింది మా కోడలు, జిగురు పూసి ఎత్తిపట్టుకున్నది నేను. స్తంభాలు వాలిపోతుంటే లోపల రెండు అగరువత్తి పుల్లలు పెట్టి నిలబెట్టాను. పైనుండే హంసలను చెక్కడం మావాళ్ళెవరికీ చేతకాకపోతే వాటినీ నేనే గీశాను. కాస్త బాతుల్లా వచ్చాయి. శుక్రవారం నాడు బడిలో దానికి పదికి తొమ్మిది మార్కులు వేసి, కింద "బాగు" అని వ్రాసి పంపించారు.